లీకు అభివృద్ధి

మా జీపు రేడియేటర్ కారుతోందని నోటితో చెప్పి ఉంటే అరగంటలో అయిపోయేది. నేను కాగితం మీద రాసిచ్చాను. ఇరవై ఆరేళ్లుగా సర్కారు బండి తోలుతున్న మనిషిని, ఆ మాత్రం బుద్ధి ఉండొద్దా? లేకపోయింది.

నా పేరు ఓబులేసు. గుండ్లకొత్తూరు పశువైద్యశాలలో డ్రైవర్ని. ఆ ఆసుపత్రికి ఉన్నదల్లా ఒక డాక్టరు, ఒక జీపు, నేను. కాంపౌండరు పోస్టు ఖాళీ అయి ఆరేళ్లయింది. అటెండరు డిప్యుటేషన్ మీద పోయి జిల్లా ఆఫీసులో ఎవరికో టీలు అందిస్తున్నాడు. జీపుకు నాకంటే సర్వీసు రెండేళ్లు తక్కువ, దగ్గు మాత్రం ఎక్కువ. అయినా చుట్టూ ఉన్న ముప్ఫై ఊళ్లలో గొర్రెకు సూది పడాలన్నా, ఎనుము ఈనడానికి కష్టపడుతున్నా, అదే పోవాలి.

లీకు కూడా పెద్దదేమీ కాదు. నిమిషానికి తొమ్మిది చుక్కలు. రేడియేటర్ అడుగు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం కొసన పగిలింది. దాన్ని బిగించి పట్టుకునే క్లిప్పు తుప్పు పట్టి వదులైంది. బస్టాండు దగ్గర మెకానిక్ ఖాజా జీపు కిందికి దూరి చూసి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

"ఇదేం రోగమన్నా! కొసన పగిలినకాడికి కోసి పారేసి కొత్త క్లిప్పు బిగిస్తే అయిపాయె. నువ్వు టీ తాగొచ్చేలోపల చేసిపెడతా."

చేయించేసి ఉంటే ఈ కథ లేదు. కానీ పోయినేడాది ఫ్యాన్ బెల్టు నేనే మార్పించినందుకు, "అనుమతి లేకుండా ప్రభుత్వ వాహన స్వరూపమును మార్చినందుకు" అని మెమో ఇచ్చారు. అందుకని ఈసారి బుద్ధిగా తెల్లకాగితం తీసి, "జీపు నుండి నీరు నిమిషానికి తొమ్మిది చుక్కల చొప్పున కారుచున్నది. తగు చర్య తీసుకోగలరు" అని రాసి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. సర్కారుకు రాసేటప్పుడు "తగు చర్య" అనకూడదు. ఏది తగునో వాళ్లు నిర్ణయిస్తారు.

నా కాగితం పెట్టిన పూటే దాని మీద ఇంకో కాగితం వచ్చి కూర్చుంది.

మాది వానల్లేని జిల్లా. అక్కడికి ఆ ఏడాది ఒక కొత్త ఉద్యమం వచ్చింది. పేరు "ప్రతి బొట్టూ ప్రగతే". ప్రతి ఆఫీసూ తన ఆవరణలో వృథా అవుతున్న నీటిని గుర్తించి, ఒడిసిపట్టి, నెలనెలా ఎన్ని లీటర్లు కాపాడిందో కంప్యూటరులో ఎక్కించాలి. సున్నా అని కొడితే కంప్యూటరు ఎర్రగా అవుతుంది. ఎర్రగా అయితే సంజాయిషీ అడుగుతారు.

మా డాక్టరు హేమాద్రి గారు మంచి మనిషి. అడ్డం తిరిగిన దూడను ఎనుము కడుపులోంచి తీయడానికి భుజం దాకా చేయి పెట్టి కూడా పాటలు పాడుకునే మనిషి. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం ఒక్కో అక్షరానికీ మీటలన్నీ వెతుక్కుంటారు. ఆ రోజు నన్ను పిలిచారు.

"ఓబులేసూ, మనకాడ వృథా అయ్యే నీళ్లేమన్నా ఉండాయా?"

"వృథా అయ్యేదానికి ముందు నీళ్లుండాల కదా సార్! మనకు కొళాయే లేదు. తాగేదానికి నేను బిందెతో తెస్తాండా."

ఆయన తల పట్టుకున్నారు. అప్పుడు నా కాగితం ఆయన కంట్లో పడింది. రెండుసార్లు చదివారు. ఆ మొహం వెలిగిపోవడం చూసి, జీపు బాగు చేయిస్తారు కాబోలని నేనూ సంతోషపడ్డాను.

ఆయన లేచి, సామాన్లు కడిగే తొట్టి తెచ్చి, స్వయంగా జీపు కింద పెట్టారు.

నెలాఖరుకు లెక్క చూస్తే పంతొమ్మిది లీటర్లు కాపాడాం. ఎలా కాపాడామో కూడా చెప్పాలి కదా. పొద్దున తొట్టిలో ఉన్న నీళ్లు కొలిచి, రాసుకుని, తిరిగి రేడియేటర్లో పోసేవాణ్ని. మరుసటి రోజు పొద్దుటికి మళ్లీ తొట్టిలో ఉండేవి. కొలిచి, రాసుకుని, పోసేవాణ్ని. వారం తర్వాత నాకే అనుమానమొచ్చింది.

"సార్, ఇవి నిన్నటి నీళ్లే కదా?"

"నిన్న పట్టినవి నిన్నటి లెక్క. ఈ పొద్దు పట్టినవి ఈ పొద్దు లెక్క. ఫారంలో నీళ్ల వయసు అడగలేదు ఓబులేసూ" అన్నారు డాక్టరు. కంప్యూటరు పచ్చగా అయింది. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయి ఉంటారు.

ఆ నెలలోనే మాళమ్మ వచ్చింది. మాళమ్మది బండమీదపల్లి. మాకు ఇరవై రెండు కిలోమీటర్లు, అందులో సగం రాళ్లదారి. మొగుడు పోయాడు, సెంటు భూమి లేదు. ఉన్నదల్లా అరవై మూడు గొర్రెలు. మూడేళ్ల కింద వానలు మొదలవగానే వచ్చే మూతివాపు రోగానికి నలభై పోతే, మిగిలినవాటిని పిల్లాజెల్లా చేసుకుంటూ మళ్లీ అంతవరకు తెచ్చుకుంది. డాక్టర్లు దాన్ని నీలినాలుక అంటారు. వాన పడకముందే సూది వేస్తే రాదు. పడ్డాక వేస్తే లాభం లేదు. అందుకని ప్రతి ఏడూ ఎండలు ముదిరేసరికి ఆమె వచ్చి నన్ను అడిగిపోతుంది.

"ఏం ఓబులేసన్నా, సూదులెప్పుడేస్తారప్పా? మబ్బులు రాకముందే రావాల."

"ఈ నెలాకరుకు వస్తాంలేక్కా" అన్నాను. లెక్క పంపేవరకే కదా, తర్వాత గొట్టం బాగుచేయించుకుని పోదామని నా ధైర్యం.

లెక్క పంపాం. జిల్లాలో మేమే మొదటి స్థానం!

అదెట్లా అంటే, మిగతా ఆఫీసుల్లో ఒకటో రెండో లీటర్లు. మండల కచేరీ వాళ్లు కారే కొళాయిలన్నీ ముందే బాగు చేయించుకున్నారు. దాంతో వాళ్లకు ఒడిసిపట్టడానికి చుక్క మిగల్లేదు, చిట్టచివర నిలిచారు. "నీటి సంరక్షణపై ఇంత ఉదాసీనత ఏల?" అని వాళ్లకు నోటీసు. మాకు అభినందన పత్రం.

అభినందన వెనకాలే బిందు రక్షణ ప్రత్యేకాధికారి పరాంకుశం గారు వచ్చారు. తెల్లగా, నున్నగా ఉంటారు. ఆయన కారు కింద ఏసీ నీళ్లు కారే గొట్టానికి ఒక సీసా కట్టి ఉంది. దిగి రెండు గంటలున్నా ఇంజను ఆపనివ్వలేదు. ఆపితే చుక్క ఆగుతుందట!

ఆయన మా జీపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"జలమునకు మూలం?"

"రేడియేటర్ సార్" అన్నారు డాక్టరు.

"ఒడిసిపట్టిన జలమును దేనికి వినియోగిస్తున్నారు?"

డాక్టరు బానెట్ వైపు చూపించారు. "రేడియేటర్‌కే సార్."

పోయాం అనుకున్నాను. పరాంకుశం గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో తడి.

"ఎచ్చట పుట్టినదో అచ్చటికే! ఒక్క బిందువైనా బయటికి పోకుండా! డాక్టర్, ఇది లీకు కాదు. ఇది పరిపూర్ణ జలచక్రం. మన శాఖ ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నది ఇదే."

ఇక ఉండబట్టలేక నేను ముందుకొచ్చాను. "సార్, ఈ జీపులో ఊళ్లకు పోవాల. గొర్లకు సూదులేయాల. గొట్టం బాగు చేయిస్తే..."

"బండి కదిలితే ఏమవుతుంది?"

"ఏమైతాది సార్, చుక్కలు రోడ్డు మీద పడతాయి."

"అంటే కొలతకు అందకుండా పోతాయి. తప్పు! మహా తప్పు!" అని ఆయన వెంట ఉన్న గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకో. సదరు వాహనమును తక్షణము అమలులోకి వచ్చునట్లు స్థిర జలవనరుగా ప్రకటించడమైనది. కదలరాదు, కదిలించరాదు, మరమ్మతు చేయరాదు."

"మరి గొర్లు సార్?"

"గొర్రె నడవగలదు. బొట్టు నడవలేదు." ఆ మాట ఆయనకే నచ్చి, గుమాస్తా రాసుకున్నాడో లేదో చూసుకున్నారు. "నీ పేరేమిటి? ఓబులేసా? నీవిక డ్రైవరువి కావు ఓబులేసూ. జలవనరు సంరక్షకుడివి."

జీపు నాలుగు చక్రాల కింద ఇటుకలు పెట్టారు. డాక్టరు గారిని బిందు నోడల్ అధికారిని చేశారు. అంటే పదింటికి, ఒంటిగంటకు, ఐదింటికి నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టి సంతకం చేయాలి. ఊరు దాటకూడదు. పోనీ మోటారు సైకిలు మీద ఒక పూట పోయొద్దామన్నా, సూదిమందు చల్లగా ఉంచే పెట్టె జీపులో బోల్టులతో బిగించి ఉంది. జలవనరులో భాగాలు విప్పకూడదు.

మాళమ్మ రెండోసారి వచ్చింది. ఇటుకల మీద జీపును, కింద తొట్టిని, గొంతుకూర్చుని చుక్కలు లెక్కపెడుతున్న డాక్టరు గారిని చూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"సార్‌కేమన్నా ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉండాడక్కా. పైనుంచి ఆర్డరు."

"నేనే గొర్లు తోలకొద్దునా?"

"ఈ ఎండకు ఇరవై రెండు కిలోమీటర్లా! సగం దావలోనే పడిపోతాయి. ఉండు, ఏదో ఒకటి చేద్దాం."

ఏం చేద్దామో నాకూ తెలియదు. ఆమెతో ఆ మాట అనడానికి మాత్రం నాకు సిగ్గేసింది.

రెండో నెలలో అసలు చిక్కు వచ్చింది. ప్రగతి అంటే పెరగాలి. పోయిన నెల కంటే పది శాతం ఎక్కువ చూపించకపోతే కంప్యూటరు మళ్లీ ఎర్రగా అవుతుంది. లీకుకు ఈ సంగతి తెలియదు. అది ఎప్పట్లాగే నిమిషానికి తొమ్మిది చుక్కలే కారుతోంది. డాక్టరు గారు పైకి రాశారు. పైనుంచి పరాంకుశం గారు ఖాజాను వెంటబెట్టుకుని వచ్చారు. పనికి ఆర్డరు కూడా టైపు చేసి తెచ్చారు. "విషయము: లీకు అభివృద్ధి పనులు."

ఖాజాకు ఎంతకీ అర్థం కాలేదు. "ఆపేదానికే కదా సార్ నన్ను పిలిచింది?"

"ఆపడానికి కాదు. పెంచడానికి. పది శాతం."

"నేను కారేవి ఆపేటోణ్ని సార్. కారించేది నాకు చేతగాదు."

"నేర్చుకోవాలి. యువత కొత్త నైపుణ్యాలు అలవరచుకోవాలి." ఖాజాకు యాభై రెండేళ్లు. "ఒక సంగతి. పని అయిన తరువాత ఏడాది పాటు లీకు ఆగదని గ్యారంటీ రాసివ్వాలి."

ఖాజా జీపు కిందికి దూరాడు. క్లిప్పును ఒక చుట్టు వదులు చేసి, చుక్కలు లెక్కపెట్టి, ఇంకో పావు చుట్టు వదులు చేశాడు. పది చుక్కలైంది. బయటికొచ్చి నా మొహంలోకి చూడకుండా సామాన్లు సర్దుకున్నాడు. ముప్ఫై ఏళ్లు పేరు సంపాదించుకున్న పనివాడతను. అతని మెడ వంగిపోవడం చూసి నాకు ఒళ్లు మండింది.

మూడో నెలకు మా జీపు పెద్ద పేరు తెచ్చుకుంది. తలపైన రేకుల పందిరి వేశారు. గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఇతర ఆఫీసుల నుంచి బస్సుల్లో జనాన్ని తోలుకొచ్చి, "లీకు నిర్వహణ: ఒక రోజు శిక్షణ" అని పెట్టారు. భోజనాలు బాగుండేవి. ఒక హెడ్ గుమాస్తా చేయెత్తి, "సార్, మాది కొత్త బండి. ఎంత చూసినా చుక్క రాలడం లేదు" అని వాపోయాడు.

"నిరాశ చెందకండి. నిర్వహణ లేకుండా రెండేళ్లు ఓపిక పట్టండి, అదే వస్తుంది" అని పరాంకుశం గారు ధైర్యం చెప్పారు. ఇంకో ఆఫీసు వాళ్లకు అంత ఓపిక లేకపోయింది. తిరిగిపోగానే మేడ మీది నీళ్ల ట్యాంకుకు బెజ్జం పెట్టించుకున్నారు. వాళ్లకు రెండో స్థానం వచ్చింది. తాగడానికి నీళ్లు మాత్రం లేవు.

ఇన్నేళ్లలో మొదటిసారి మా ఆసుపత్రికి ఇంతమంది వచ్చారు. పశువులు రావడం మాత్రం మానేశాయి. వస్తే శిక్షణకు భంగమని గేటు దగ్గరే ఆపేస్తున్నారు.

జూన్ మొదటి వారంలో పడమట మబ్బు లేచింది. ఆ మర్నాడే మాళమ్మ మూడోసారి వచ్చింది. పొద్దున్నే బయల్దేరి నడిచొచ్చినట్టుంది, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. ఈసారి నన్ను పలకరించలేదు. తిన్నగా పోయి తొట్టి దగ్గర నిలబడింది.

"వంక అవతల ఊర్లో రెండు గొర్లకు మూతులు వాచినాయి. నాలిక నీలంగా తిరిగింది. నా కండ్లతో చూసొచ్చినా." తొట్టిలోకి చూసింది. తుప్పు రంగు నీళ్లు, రెండు గ్లాసులుంటాయి. "ఈ నీళ్లకోసమా సార్, నా గొర్లు సచ్చేది? ఇంతకు పదింతలు నీళ్లు నేను నెత్తిన మోసుకొచ్చి మీకిస్తా. జీపు పంపీండి."

డాక్టరు గారు చుక్కలు లెక్కపెడుతున్నవారు లెక్క తప్పారు. లోపలికి పోయి ఒంటిగంట సంతకం చేశారు. నేను బయట నిలబడి ఆమె మొహం చూడలేక రేకుల పందిరి వైపు చూస్తున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఒక్క క్లిప్పు! టీ తాగొచ్చేలోపల అయిపోయే పని!

డాక్టరు గారు తిరిగొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఓబులేసూ, ఆదివారం చుక్కలు ఎవరు లెక్కపెడతారు?"

"మీరే కదా సార్."

"నేనే కదా." తొట్టిని కాలితో పక్కకు జరిపి, "ఖాజా ఆదివారం ఊర్లోనే ఉంటాడా?" అన్నారు.

ఖాజా ఆదివారం ఏడింటికల్లా వచ్చాడు. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. గొట్టం వైపు చూసి, "దీన్ని కోసేది కూడా వద్దన్నా, కొత్తదే తెచ్చినా" అని సంచిలోంచి తీశాడు. పాతది పెరికి అవతల పారేశాడు. కొత్తది ఎక్కించి, రెండు వైపులా కొత్త క్లిప్పులు బిగించి, నీళ్లు పోసి, ఇంజను పావుగంట ఆడించి, గొట్టం చుట్టూ పొడి గుడ్డ తిప్పి నాకు చూపించాడు. తడి లేదు. క్లిప్పు వదులు చేసిన రోజు నుంచి మొదటిసారి అతను నా మొహంలోకి చూసి నవ్వాడు.

ఇటుకలు తీసేశాం. మందు పెట్టెలో మంచు నింపుకుని బండమీదపల్లికి పోయాం. రాళ్లదారిలో ఇంజను వేడి చూపించే ముల్లు చూస్తూ తోలాను. వేడి ఒక్క గీత కూడా పెరగలేదు. ఊరి గొర్రెలన్నీ కలిపి ఆరువందల పైచిలుకు. డాక్టరు గారు చొక్కా విప్పి, బనీను మీద నిలబడి, ఎండలో సాయంత్రం దాకా సూదులు వేస్తూనే ఉన్నారు. పాటలు కూడా పాడారు. మాళమ్మ ఒక్కొక్క గొర్రెను దవడ పట్టుకుని నిలబెట్టి, సూది పడగానే పేరు పెట్టి తిట్టి పంపించేది. ఆఖరి గొర్రెకు సూది పడ్డాక అక్కడే కూలబడి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. నాకు కడుపు నిండినట్టయింది.

తిరిగొచ్చి జీపును ఇటుకల మీద ఎప్పట్లాగే పెట్టాం. సోమవారం పొద్దున రాజధాని నుంచి పరిశీలక బృందం దిగుతుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

తొమ్మిదిమంది వచ్చారు. పరాంకుశం గారు వాళ్లకు దండలు వేసి, పందిరి కిందికి తీసుకుపోయి, "తిలకించండి" అన్నారు. తొమ్మిదిమందీ తొట్టి చుట్టూ గొంతుకూర్చున్నారు. తొట్టి పొడిగా ఉంది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"కొత్తవారిని చూచి కాస్త నెమ్మదించినట్లున్నది" అన్నారు పరాంకుశం గారు. నుదుటి మీద చెమట పట్టింది. బానెట్ మీద ప్రేమగా రెండు దెబ్బలు వేశారు. అరగంటకు ఒకాయనకు మోకాళ్లు పట్టేసి, ఇద్దరు లేపాల్సి వచ్చింది. బృందంలో ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ మాత్రం, "సార్, కారకపోతే మంచిదే కదా?" అంది. అందరూ తిరిగి ఆమె వంక చూశారు. ఆమె మళ్లీ తొట్టిలోకి వంగింది.

లీకును ఎవరో ఆపారని తేలితే ముందు పరాంకుశం గారి మెడకే చుట్టుకుంటుంది, ఆయన కాపలాలో ఉన్న జలవనరు కదా. అందుకని ఆయన పైకి, "సదరు లీకు వయోభారముచే, సహజ కారణముల వలన నిలిచిపోయినది. వాహనము ఏనాడూ కదలలేదు" అని రాసేశారు. మేమిద్దరం నోరు మూసుకున్నాం. బతికిపోయామనే అనుకున్నాం.

వానలు పడ్డాయి. వంక అవతల ఊళ్లో రెండువందల గొర్రెలు పోయాయి. బండమీదపల్లిలో ఒక్కటీ పోలేదు. ఆ లెక్క జిల్లాకు పోయింది. అక్కడ ఎవరో దాన్ని ఇంకో లెక్క పక్కన పెట్టి చూశారు. జీపు కదలలేదు కాబట్టి బండమీదపల్లిలో టీకాలు పడలేదు. టీకాలు పడని ఊళ్లో గొర్రెలు చావలేదు. ఇదేమిటో తేల్చమని పరాంకుశం గారినే విచారణకు పంపారు. ఆయన మా ఆసుపత్రిలో కూర్చుని మాళమ్మను పిలిపించారు.

"అమ్మా, ఈ జీపు మీ గ్రామమునకు వచ్చినదా?"

మాళమ్మ నా వంక చూసింది, డాక్టరు వంక చూసింది. వచ్చిందంటే మా ఉద్యోగాలు ఏమవుతాయో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"రాలేదు సామీ."

"సూదులు?"

"ఎవురూ వేయలేదు సామీ."

"మరి గొర్రెలు ఎట్లా బతికాయి?"

"ఏమో సామీ. మంచి గొర్లు."

పరాంకుశం గారి మొహం విప్పారింది. గుమాస్తాకు చెప్పడం మొదలుపెట్టారు. "టీకా వేయబడకున్ననూ గొర్రెలు సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నందున, సదరు టీకా నిరుపయోగమని రుజువైనది. కావున వచ్చే సంవత్సరము నుండి ఈ మండలమునకు టీకా సరఫరా శాశ్వతముగా నిలిపివేయవలసినదిగా..."

మాళమ్మకు ఆ భాష అర్థం కాలేదు. పని అయిందనుకుని నాకేసి చూసి చిన్నగా నవ్వింది.

"వచ్చే యేడు నుంచి సూదులు రావంటక్కా. ఎప్పుడూ రావంట" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. మమ్మల్ని కాపాడడానికి తాను చెప్పిన మాటే తన గొర్రెల మెడకు చుట్టుకుందని తెలిసి, తల వంచుకుంది. మళ్లీ మా వైపు కూడా చూడలేదు. నాకు రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లున్నాయి. ఇంట్లో అందరూ నా జీతం మీదే. అదంతా తలకాయలో గిర్రున తిరిగింది. తిరిగి, ఆమె మొహం దగ్గర ఆగింది.

"జీపు పోయింది సార్" అన్నాను. "తోలింది నేను."

డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "సూదులు వేసింది నేను. ఆరువందల పన్నెండు. అందుకే బతికినాయి. రాసుకోండి."

గుమాస్తా కలం ఆపాడు. పరాంకుశం గారు ఆ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా? లీకు సహజంగా పోయిందని నేను పైకి రాసి ఉన్నాను!"

"మళ్లీ రాయండి సార్. క్లిప్పు బిగించి ఆపినాం" అన్నాను.

టీకాలు ఆపేసే ఆర్డరు ఆగిపోయింది. వచ్చే ఏడు ముప్ఫై ఊళ్లకూ మందు వస్తుంది. డాక్టరు గారిని జిల్లా ఆఫీసులో పశువులే కనబడని ఒక గదిలో, కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. నన్ను సస్పెండు చేశారు. అనుమతి లేకుండా బండి తీసుకుపోయినందుకు కాదు, ఆ సంగతి వాళ్లు పట్టించుకోనే లేదు. "అభివృద్ధి దశలో ఉన్న ప్రభుత్వ లీకును సమూలముగా నిర్మూలించినందుకు" అని ఉంది ఆ కాగితంలో.

ఆ సంగతి చెప్పి రావడానికి బండమీదపల్లికి బస్సులో, ఆ తర్వాత నడిచి పోయాను. మాళమ్మ ఇంకా మేపు నుంచి రాలేదు. దొడ్డి దగ్గర రాయి మీద కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా గొర్రెల గుంపు గుట్ట దిగింది. ముందు దుమ్ము, తర్వాత అరుపులు, వెనకాల గొంగడి కప్పుకుని ఆమె. నన్ను చూసి నేరుగా వచ్చి అడిగింది.

"ఏం చేసినారన్నా నిన్ను?"

"పనిలోంచి నిలిపేసినారక్కా. ఆర్నెల్లో, ఏడాదో."

"కారేది ఆపినందుకా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మరి కారించిన ఆయప్పనేం చేసినారు?"

"ప్రమోషనిచ్చినారు. రాజధానికి పోయినాడు."

ఆమె పరాంకుశం గారిని, ఆయన పైవాళ్లను, వాళ్ల పైవాళ్లను కలిపి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాకు మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. తిట్టడం అయ్యాక గొంగడి మడత విప్పింది. లోపల, ఇంకా తడి ఆరని పిల్ల. గుట్ట మీదే ఈనిందట, మధ్యాహ్నం.

"పట్టుకో. దొడ్డి తడిక తీసొస్తా" అని నా చేతుల్లో పెట్టింది. తడిక తీసి, గొర్రెలను ఒక్కొక్కటిగా లోపలికి తోలుతూ పైకి లెక్కపెట్టింది. అరవై మూడూ లోపలికి పోయాయి. తర్వాత నా వైపు తిరిగి, చేతులు చాపి, పిల్లను తీసుకుంది.

"అరవై నాలుగు" అంది.